నోట్ ట్యాగులో సీతారత్నం

"ఏవండీ ఏలూరు ఆఫీసు గారూ, ఈ రోజు గూడబాతులు నలభై దాకా వచ్చాయి. అందులో ఒకటి అచ్చం మీలాగే ఉందండీ. ఎంత పిలిచినా ఇటు తిరగదు!"

స్క్రీన్ మీద ఈ మాటలు ప్రత్యక్షమయ్యేసరికి ఏలూరు ఆఫీసులో ప్రోగ్రాంలు రాసే ఎజ్రా చేతిలో టీ ఒలికింది. తను రాసిన ప్రోగ్రాం తననే దెప్పిపొడవడం అతను ఎరగడు మరి.

కొల్లేటికోటలో సీతారత్నం అనే అమ్మాయి పక్షులను లెక్కపెట్టి, ప్రతి వివరానికీ 'ట్యాగు' అనే పేరుచీటీ తగిలించే ఎక్స్ఎమ్ఎల్ ఫైలులోకి ఎక్కించి, సీడీ చేసి బస్సులో పంపుతుంది. ఎజ్రా ఆమెను చూసింది లేదు. ఏడాదిగా పెరుగుతూ వచ్చిన ఆ ఫైలంతా ఒక్కసారే మెమరీలోకి తీసుకుంటే ఆఫీసులోని పాత కంప్యూటర్ కూలబడుతుంది. అందుకని ప్రోగ్రాం పైనుంచి కిందికి చదువుకుంటూ పోయి, 'బర్డ్' ట్యాగు ఎదురైనప్పుడు మాత్రమే అతను రాసిపెట్టిన ఆదేశాల ముక్కను, అంటే ఫంక్షన్‌ను పిలిచేది. అదే కాల్‌బ్యాక్. మిగతా ట్యాగులు దానికి పట్టవు.

పొగమంచు వివరాలు కావాలని మేనేజర్ సుందరరావు అడగడంతో ఈ రోజే వాతావరణ గమనికలు రాసే 'నోట్' ట్యాగుకీ ఒక కాల్‌బ్యాక్ తగిలించాడు. అంతే, ఏడాదిగా వదిలేసిన అమ్మాయి వరసపెట్టి మాట్లాడటం మొదలుపెట్టింది.

వెక్కిరింతలు, అలకలు, వాన కబుర్లు. నవ్వుకుంటూ చదువుతూనే ఎజ్రా మనసు పారేసుకున్నాడు. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది.

"మంచులోంచి మా అన్నయ్య పిలుస్తున్నాడండీ. పడవ మునిగి పోయినవాడు ఎలా పిలుస్తాడు?"

"నాకు భయంగా ఉంది. మీరైనా ఒక్క ముక్క రాయండి."

ఆఖరి నోట్ ఆ ఉదయానిదే. "మీరెవరూ పలకరు. వాడొక్కడే పిలుస్తున్నాడు. రేపు తెల్లవారగానే వాడి దగ్గరికే పోతాను."

ఆ ఊరికి ఫోన్ కలవలేదు. ఎజ్రా పరుగున వెళ్లి బస్సెక్కాడు.

తెల్లవారేసరికి వీరాస్వామి అనే పడవాయనను బతిమాలి కొల్లేట్లోకి దిగాడు. మంచులో బారెడు అవతల ఏమీ కనబడటం లేదు. దూరంగా ఓ మగగొంతు "చెల్లీ..." అంది.

వీరాస్వామి గడ వేయడం ఆపేశాడు. "వినబడలేదనుకోండి బాబూ. ఆ పిలుపుకి పలికినవాళ్లు తిరిగి రారు."

ముందెక్కడో ఇంకో పడవ కదులుతున్న చప్పుడు. అది ఆ గొంతు వైపే పోతోంది.

"సీతారత్నం గారూ! ఆగండి! ఏలూరు ఆఫీసు నుంచండీ!"

చప్పుడు ఆగింది. "ఏలూరు ఆఫీసు ఎవరికీ పలకదు. నిజం చెప్పు, నువ్వు మనిషివేనా?" అంది మంచులోంచి ఓ ఆడగొంతు.

"ఎజ్రా అంటారండీ! తప్పంతా నాదే! పక్షులు వస్తేనే పిలవమని ప్రోగ్రాంకి చెప్పాను. మీరు రాసినవన్నీ వదిలేశాను. నిన్న కూర్చుని మొత్తం చదివానండీ. మీకేమైనా అయితే నేను తట్టుకోలేను!"

ఆమె గడ నీళ్లలోకి దిగిన చప్పుడైంది. తర్వాత మంచులోంచి ఆమె పడవ వచ్చి వీళ్ల పడవను ఆనుకుంది.

"దయ్యమైతే ఇంత తొందరగా తప్పు ఒప్పుకోదు లెండి," అంది సీతారత్నం. సన్నగా నవ్వింది.

"ఇక రోజూ పలుకుతానండీ," అన్నాడు ఎజ్రా. "మీకిష్టమైతే, జన్మంతా."

ఆమె నోరు తెరిచేలోపే అతని వెనక నుంచి పిలుపు వచ్చింది. ఈసారి మగగొంతు కాదు.

"ఎజ్రా గారూ..."

అది సీతారత్నం గొంతు. ఎదురుగా ఉన్న సీతారత్నం పెదవులు కదలలేదు.

ఎజ్రా అటు తిరగబోయాడు. ఆమె రెండు చేతులతో అతని ముఖాన్ని తన వైపు తిప్పుకుంది.

"పలక్కండి," అంది. "నాకిష్టమేనండీ. ఇటే చూడండి. నేనిక్కడున్నాను."