నీడ కలదా?

పొద్దున లేవగానే బోర్డులు రాసే మేస్త్రీ మొదట చెవులు రిక్కిస్తాడు. పక్కగదిలో భార్యకు ఊపిరందించే యంత్రం బుసబుసమంటుంటే ఆయనకు హాయి. అది ఆగితే ఆయనకే ఊపిరాడదు.

ఆగడమంటే రోజూ ఆగుతూనే ఉంది. సరిగ్గా పన్నెండింటికి, సూర్యుడు నిప్పులు చెరుగుతుంటే, రెండు గంటలు కరెంటు పోతుంది. ఆ రెండు గంటలూ ఆక్సిజన్ సిలిండరే దిక్కు. సిలిండరు బండి మాత్రం పిలిచినప్పుడు రాదు, వచ్చినప్పుడే వస్తుంది. అందుకే ప్రభుత్వం డాబాల మీద సౌర పలకలు బిగించి, రోగులున్న ఇళ్లకు బ్యాటరీ కూడా ఇస్తుందని తెలియగానే మేస్త్రీ ప్రాణం లేచొచ్చింది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి ఫారం నింపుతానని బస్సు కండక్టరైన కూతురు చెప్పినా ఆగలేదు. నలభై ఏళ్లు ఊరి దుకాణాలన్నిటికీ పేర్లు రాసిన చెయ్యి, ఒక్క దరఖాస్తు రాయలేదా అన్నాడు. 'ఇంటి లోడు ఎంత' అన్న గడి దగ్గర 'మోయలేనంత' అని రాయబోతే, కరెంటాఫీసు గుమాస్తా నవ్వి, మీటరు చీటీ చూసి అంకె వేయించాడు. మిగతావన్నీ మేస్త్రీ సొంత తెలివే.

ఇవాళ జవాబొచ్చింది, నీడ ఉన్న ఇంటికి పలకలు ఇవ్వరాదని. కూతురు ఆ కాగితంతో ఆఫీసుకెళ్లి, పన్నెండు కావస్తుండగా తిరిగొచ్చింది. ఖాకీ చొక్కా చెమటకి వీపున అతుక్కుపోయింది. ఈ ఏటి జాబితా మూసేశారట. మళ్లీ వచ్చే ఏడాదేనట. తప్పు దిద్దే వీలు కంప్యూటర్లో లేదట.

"మన డాబా మీద నీడెక్కడుంది నాన్నా? కాకి వాలినా కాళ్లు కాలుతాయి."

"డాబా అని అందులో లేదమ్మడూ. 'నీడ కలదా' అనుంది. తలదాచుకునే నీడ లేదని చేతులారా ఎలా రాసుకుంటాం?"

"ఊరందరికీ బోర్డులు రాశావు. మనింటికి మాత్రం బోర్డు తిప్పేశావు."

మేస్త్రీ గోడకి ఆనుకున్నాడు. మాట తగిలినచోట మాటతోనే మందు రాసుకోవడం ఆయనకి అలవాటు. "కలదు అని రాశాను. 'దు' రాలిపోయి కల మిగిలింది" అన్నాడు. కూతురు నవ్వలేదు. ఆయనకీ నవ్వు రాలేదు.

అప్పుడే యంత్రం ఆగింది.

ఇద్దరూ ఒకేసారి పరుగెత్తారు. కూతురు సిలిండరు తాళం తిప్పింది, మేస్త్రీ గొట్టం మార్చాడు. లోపల గాలి ఎంతుందో చూపే ముల్లు ఎర్రగీతకి దగ్గరగా నిలబడింది. బండివాడికి ఫోను చేస్తే, దారిలో ఉన్నానన్నాడు. ఏ దారిలోనో చెప్పలేదు.

చేసేదేమీ లేక కూతురు మంచం పక్కన కూలబడి, కాగితాలు మళ్లీ తిరగేసింది. జవాబు వెనక తండ్రి దరఖాస్తు నకలు కుట్టి ఉంది. 'నీడ కలదా?' అన్న గడిలో 'కలదు' అని గుండ్రంగా రాసుంది. కింద ఇంకో గడి. 'కలిగినచో, దేని వలన?'

అక్కడ, దుకాణం బోర్డంత శ్రద్ధగా, ఒత్తులు దిద్ది మరీ రాశాడు: 'మా అమ్మాయి వలన.'

ఆమె ఆ గడి మీద వేలు పెట్టి తండ్రికి చూపించింది.

"ఇది చదివాడా నాన్నా ఆ గుమాస్తా?"

"చదివే ఉంటాడమ్మా. ముద్ర దానిమీదే పడింది."

ఏమైందన్నట్టు తల్లి చెయ్యి కదిలించింది. కూతురు ఆ చేతిని చెంపకి ఆనించుకుంది. "ఏం లేదమ్మా. నాన్న తప్పేం రాయలేదు" అంది. మధ్యాహ్నం ట్రిప్పుకి రాలేనని డిపోకి ఫోను చేసి చెప్పింది.

కిటికీలోంచి ఎండ జారి తల్లి మొహం మీద పడింది. కూతురు లేచి వెళ్లి కిటికీకి అడ్డంగా నిలబడింది. ఆమె నీడ తల్లి కళ్లమీద, ముక్కు దగ్గరి గొట్టంమీద చల్లగా పరుచుకుంది.

మేస్త్రీ ముల్లు వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు. కరెంటుకి ఇంకా గంటన్నర. వెళ్లి కూతురి పక్కన, ఎండకి అడ్డంగా తానూ నిలబడ్డాడు.