తాడు మీద నలభై కార్డులు

పదింటికి ఇంగ్లీషు టీచరు గాబరాగా మెట్లెక్కి వచ్చేసరికి, ఆఫీసులో డిటెక్టివ్, ఆమె అసిస్టెంటు ఒకే కప్పు టీని రెండు సాసర్లలో పంచుకుంటున్నారు. ఇద్దరికీ పెళ్లయి పందొమ్మిది రోజులు. ఆఫీసు వేళల్లో ఆమెను "మేడమ్" అనాలని అతడితో ఒప్పందం. రోజుకు నాలుగుసార్లు మరిచిపోయేవాడు.

"అమ్మాయ్, నా కార్డులు పోయాయి!" టీచరు కుర్చీలో కూలబడింది. "నాలుగింటికి కాలేజీలో నమూనా పాఠం. నచ్చితే ఉద్యోగం. పదకొండేళ్లు ఇంట్లో ట్యూషన్లు చెప్పుకున్నాక ఇన్నాళ్లకి పిలుపొచ్చింది."

"ఏం పాఠమండీ?"

"ప్రెజెంట్ పర్ఫెక్టు, పాస్ట్ పర్ఫెక్టు. ఎప్పుడు ఏది వాడాలో పిల్లలు తికమకపడతారు. అందుకే గదిలో తాడు కడతాను. ఎర్ర రిబ్బను ఇప్పుడు. దానికి ఎడమగా నీలం రిబ్బను, ఎప్పుడో జరిగిపోయిన ఒక సంగతి. ఆ సంగతికి ముందే ముగిసిన పని కార్డు నీలానికి ఎడమన తగిలిస్తే హ్యాడ్. జరిగిన పని ఇప్పటిదాకా చెయ్యి చాపి ఎర్ర రిబ్బనును పట్టుకుంటే హ్యావ్. కార్డుల్లేకపోతే ఒట్టి తాడు చూపించి రావాలి."

"మళ్లీ రాసుకుంటే?" అన్నాడు అసిస్టెంటు.

"నలభై బొమ్మలు నాయనా! ఒక్కోదానికి ఒక్కో పూట పట్టింది."

అరగంటలో ముగ్గురూ టీచరు ఇంటికి చేరారు. ముందు గదే క్లాసు. తలుపు తాళం చెక్కుచెదరలేదు. పొద్దున తొమ్మిదింటికి టీచరు తెరిచి చూస్తే తాడు బోసిగా ఉందట. క్లిప్పులన్నీ మాత్రం లోపలి అలమరా మీది రేకు డబ్బాలో వరసగా సర్ది ఉన్నాయి. బల్ల మీద పాత దినపత్రిక, దాని అంచున వేలెడు దూరానికొకటి చొప్పున అయిదు సూది రంధ్రాలు. పక్కనే మైనం పట్టించిన దారం ముక్క. డిటెక్టివ్ ఆ ముక్కను వేళ్ల మధ్య నలిపి చూసింది.

టీచరు ఆడపడుచు కుట్టుమిషను ముందు నుంచి లేచి వచ్చింది. "ఈ గదిలో కుట్టు క్లాసు పెట్టాలని నాకున్నమాట నిజమే. దానికి కార్డులెత్తుకుపోతానా? వదినకి ఉద్యోగమొస్తే గది నాకే గదండీ!"

ఎదురింటి టైపు మాస్టారు గుమ్మంలోంచే అన్నాడు. "ఆ ఉద్యోగానికి నేనూ దరఖాస్తు పెట్టాను. నన్ను పిలవనే లేదు. అయినా ఈ ఇంట్లో అలమరా ఎక్కడుందో నాకేం తెలుసు?"

టీచరు భర్త ఒకప్పుడు పుస్తకాల బైండరు. కిటికీ పక్క పొట్టి బల్ల మీద, కింద ఓ చెక్క వేసుకుని కూర్చున్నాడు. "కంటి ఆపరేషనయ్యాక సూది ముట్టలేదమ్మా," అన్నాడు. అతడి చూపుడువేలి మీద సన్నని ఎర్ర గీత ఉంది.

"అన్నయ్యా, కాస్త లే, ఊడ్చుకోవాలి," అంది ఆడపడుచు.

"కాళ్లు నొప్పులే."

"పొద్దున్నుంచీ అదే పాట! కాఫీ కూడా అక్కడికే."

అసిస్టెంటు డిటెక్టివ్ చెవి దగ్గరికి వంగాడు. "టైపు మాస్టారే, బంగారం."

"మేడమ్," అని సరిదిద్ది, ఆమె నవ్వు ఆపుకుంది. "అందరినీ పిలవండి."

అందరూ వచ్చాక ఆమె తాడు ముందు నిలబడింది. "టీచరుగారి పద్ధతిలోనే చెబుతాను. నీలం రిబ్బను, తలుపు తెరిచిన తొమ్మిది గంటలు. అంతకుముందే ఎవరో క్లిప్పులు తీసి డబ్బాలో పెట్టారు. ఇది హ్యాడ్. దొంగకి అంత ఓపిక ఉండదు, మాస్టారికి డబ్బా చోటు తెలియదు. కాబట్టి ఇంట్లోవాళ్లే. మిషను కుట్టయితే రంధ్రాలు దగ్గరదగ్గరగా పడతాయి. వేలెడు దూరానికొకటి చొప్పున అయిదంటే అది పుస్తకం కుట్టు. ఇక ఇప్పటిదాకా చెయ్యి చాపిన సంగతి ఒకటుంది. మైనం దారం బిగించి లాగిన వేలి మీద గీత ఇంకా ఎర్రగానే ఉంది. ఇది హ్యావ్. బాబాయిగారూ, పొద్దున్నుంచీ ఆ చెక్క మీంచి లేవట్లేదే, కింద జిగురు ఆరిందా?"

బైండరు బిక్కమొహం వేశాడు. "మధ్యాహ్నందాకా బరువు కిందే ఉండాలమ్మా."

అతడు లేచాడు. చెక్క ఎత్తితే నీలి అట్టతో ముచ్చటైన పుస్తకం. పైన బంగారు అక్షరాల్లో టీచరు పేరు.

"విడి కాగితాలు కనబడితే నా చెయ్యి ఊరుకోదు. కాలేజీకి దర్జాగా పట్టుకెళ్తావని కుట్టాను. తాడుకి పుస్తకం ఎలా వేలాడుతుందన్నది నువ్వు ఏడ్చేదాకా తట్టలేదు. ఆ పైన నోరు పెగల్లేదు."

"పొద్దున్నుంచీ నా ఉద్యోగం మీద కూర్చున్నారా!" అంది టీచరు. కోపంగా మొదలుపెట్టిన మాట నవ్వులో ముగిసింది.

బైండరే కత్తెర తెచ్చాడు. ఇంకా ఆరని జిగురు నుంచి అట్ట ఊడదీసి, దారం ఒక్కచోట తెంపి మెల్లగా లాగాడు. నలభై కార్డులూ విడివడ్డాయి, అంచున అయిదేసి చిల్లులతో.

నాలుగింటికి కాలేజీ గదిలో కార్డులు తాడెక్కాయి. వెనక బెంచీలో అసిస్టెంటు, డిటెక్టివ్ చెయ్యి పట్టుకుని, తనకు ఇన్నేళ్లుగా అంతుపట్టని తేడా అర్థమైపోతుంటే నోరు తెరుచుకుని విన్నాడు. పాఠం చివర పిల్లలు తమంతట తామే లేచి కార్డులు మార్చసాగారు. ప్రిన్సిపాలు కళ్లజోడు తీసి, ఇంగ్లీషులోనే అడిగాడు, సోమవారం నుంచి రాగలరా అని.

గంటసేపు తడబడకుండా ఇంగ్లీషు మాట్లాడిన టీచరుకు ఆ క్షణాన ఒక్క ముక్క దొరకలేదు.

"వస్తానండీ," అంది తెలుగులో, గుమ్మం దగ్గర నిలబడ్డ భర్తను చూస్తూ. "తప్పకుండా వస్తాను."