ఎండలో పెట్టిన సీసాలు

"ఈ సీసాలు ఎండలో ఎవురు పెట్టినారు?"

శనివారం మధ్యాహ్నం. హిందూపురం స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న వైన్‌షాపు ముందు నిలబడిన మగవాళ్ళంతా ఒక్కసారి తలలు తిప్పారు. ఆడగొంతు! ఎవరూ తోయకుండానే క్యూ రెండుగా చీలి దారి ఇచ్చింది. ఆ దారిలో భుజానికి బ్యాగు తగిలించుకున్న ఒక అమ్మాయి నేరుగా కౌంటరు దగ్గరికి వచ్చింది.

"నేనే పెట్టినా. ఏం మేడం?" అన్నాడు హరికృష్ణ. షాపు అతనిదే.

"యాల పెట్టినావు?"

"అవి క్రాఫ్ట్ బీర్లు మేడం. పెద్ద ఫ్యాక్టరీలవి కాదు, చిన్న కంపెనీలు కొంచెం కొంచెంగా చేసేటివి. ఎండ పడితే ఆ పచ్చ సీసా ఎట్ల మెరుస్తాండాదో చూడండి."

గర్వంగానే చెప్పాడు. హరికృష్ణది ధర్మవరం. ఇంట్లో పట్టుచీరల మగ్గం. కొనేవాళ్ళు వస్తే వాళ్ళ నాయన చీరను గడప బయటికి తెచ్చి ఎండలో విప్పుతాడు. ట్యూబ్‌లైటు కింద చూసిన రంగు రంగే కాదంటాడు. చిన్నప్పటి నుంచి అది చూసి పెరిగినవాడు గనక, ఖరీదైన సరుకు రాగానే హరికృష్ణ దాన్ని తీసుకుపోయి ఎండ బాగా పడే అద్దాల అరలో వరుసగా పేర్చాడు.

"ఎండలోది ఒకటి ఇయ్యి. లోపల అట్టపెట్టెలో ఉండేది ఒకటి ఇయ్యి."

రెండూ కొనుక్కొని ఆ అమ్మాయి పక్కనే వేయించిన వేరుశనగ బుడ్డలు అమ్మే షరీఫాబీ బెంచీ మీద కూర్చుంది. బ్యాగులోంచి ఓపెనర్ తీసి రెండు మూతలూ తీసింది.

"మేడం, రోడ్డు మీద తాగకూడదు!" హరికృష్ణ కౌంటరు వదిలి పరుగెత్తుకొచ్చాడు.

"తాగేకి రాలేదప్పా. వాసన చూడు."

అట్టపెట్టెలోని సీసా ముందు వాసన చూశాడు. అప్పుడే వేయించిన బొరుగులు, దాని వెనక నిమ్మతొక్క. బాగుంది. ఎండలోది ముక్కు దగ్గర పెట్టుకోగానే మొహం తిప్పుకున్నాడు. కుళ్ళిన ఉల్లిగడ్డ!

షరీఫాబీ కూడా వంగి వాసన చూసి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏమప్పా హరీ, దీనికంటే నా బుడ్డలే మేలు కదప్పా!"

క్యూ అంతా నవ్వింది. హరికృష్ణ చెవులు ఎర్రబడ్డాయి.

"రెండూ ఒకే రోజు చేసినవే. ఎండ తగిలితే బీరు చచ్చిపోతాది. పచ్చ సీసాలో ఇంకా తొందరగా," అంది ఆ అమ్మాయి.

"నీకెట్ల తెలుసు? నువ్వేమన్నా బీరు డాక్టరా?"

"అది చేసింది నేనే."

ఆ మాటతో క్యూలో నవ్వు ఆగింది. హరికృష్ణ చూపు మాత్రం ఆ అమ్మాయి మొహం మీద ఆగిపోయింది.

ఆమె పేరు అశ్విని. ఊరు పెనుకొండ. ఫుడ్ టెక్నాలజీ చదివి, బెంగళూరు దగ్గర ఒక చిన్న బీరు కంపెనీలో పని చేస్తోంది. శనివారాలు ఇంటికి పోయేటప్పుడు హిందూపురంలో దిగి, తమ సీసాలు అంగళ్ళలో ఎలా ఉన్నాయో చూసి, తరువాతి రైలుకు పోతుంది.

మరుసటి శనివారం ఆమె వచ్చేసరికి అద్దాల అరకు మందమైన నల్లగుడ్డ కట్టి ఉంది. సీసాలన్నీ లోపల, చీకటి మూలలో.

"ఇప్పుడు సరిపోయిందా మేడం?"

"సీసాలకు సరిపోయింది. నీ ముక్కుకే ఇంకా చదువు రాలేదు."

"నేర్పించు. నాకు వెనక్కి తగ్గే అలవాటు లేదు."

ఆమె నిజంగానే నేర్పించింది. చింతపండు, కాఫీపొడి, నారింజ తొక్క, తడిసిన గోనెసంచి, ఇలా వారానికి నాలుగు వాసనలు ఇచ్చేది. ఒక్కో వాసన చూసి అది ఎలా ఉందో అతను ఫోన్‌లో రాసి పెట్టాలి.

"గోనెసంచి: తడిస్తే మా అవ్వకు కోపమొచ్చినట్ల ఉండాది," అని చదివింది ఒక శనివారం. "ఇదేం రాత?"

"మా అవ్వను చూసింటే నీకు అర్థమయ్యేది."

అశ్విని నవ్వుతూ ఉండిపోయి రైలు అందుకోలేకపోయింది. షరీఫాబీ ఒక పొట్లం బుడ్డలు ఆమె చేతిలో పెట్టి, "ఈయప్ప శనివారం పొద్దున్నుంచి గడియారమే చూస్తాంటాడు పాపా. నాకు చూసి చూసి మెడనొప్పి వచ్చింది," అంది.

రెండు నెలలకు అశ్విని అతన్ని పెనుకొండకు రమ్మంది. రాగులతో కొత్త బీరు చేసింది, రుచి చూడాలట. "ఇంట్లో మా అవ్వ ఉంటాది. అమ్మానాయన లేరు. అవ్వ ముందరే తాగల్ల. ధైర్యముంటే రా."

ధైర్యంగానే వచ్చాడు. మిద్దె మీద మొలకెత్తిన రాగులు గుడ్డ మీద ఆరబోసి ఉన్నాయి. పక్కనే బాలనాగమ్మ అవ్వ కూర్చొని పిడికెడు రాగులు ముక్కు దగ్గర పెట్టుకొని, వదిలి, మళ్ళీ పెట్టుకుంటోంది. అశ్విని ముక్కు ఎక్కడి నుంచి వచ్చిందో హరికృష్ణకు తెలిసిపోయింది.

అశ్విని మూడు చిన్న గ్లాసులు పెట్టింది. మొదటి రెండూ బయటి కంపెనీలవి. అతను కళ్ళు మూసుకొని ఒక్కో గుక్క తీసుకున్నాడు. ఒకటి పుల్లగా ఉందన్నాడు, ఇంకొకటి కాఫీలా చేదుగా ఉందన్నాడు. మూడో గ్లాసు దగ్గర చాలాసేపు ఆగాడు.

"చెప్పు," అంది అశ్విని. ఆమె గొంతులో అతను ఎన్నడూ వినని భయం ఉంది.

"సంగటి కుండ అడుగున మాడింటాది చూడు, చిన్నప్పుడు గీక్కొని తింటాము... అది. దాని వెనక బెల్లం. ఇది నీదే."

"ఎట్ల కనుక్కున్యావు?"

"మొదలు కొంచెం కోపం, వెనక తీపి. ఇంకెవరిది?"

అవ్వ బోసినోటితో నవ్వింది. "అంబలి చేసుకొని తాగండ్రా అంటే దాన్ని సీసాలో పోసి అమ్ముతాండారు. సరేలే, పిల్లోనికి ముక్కుండాది."

అంతలో వాన వచ్చింది. ఆ ఊర్లో వాన అడిగినప్పుడు రాదు, రాగులు ఆరబోసినప్పుడు వస్తుంది. ఇద్దరూ చెరో కొస పట్టుకొని గుడ్డను మడుస్తూ ఒకరికొకరు ఎదురుగా నడిచారు. గుడ్డ అయిపోయింది, మధ్యలో దూరమూ అయిపోయింది. ఆమె రెప్ప మీద ఒక చినుకు నిలబడి ఉంది. అది రాలిపడేదాకా ఇద్దరూ కదల్లేదు.

"లోపలికి రండి! రాగులు తడుస్తాండాయి!" అని అవ్వ అరిచింది.

వసారాలో తల తుడుచుకుంటూ అశ్విని సూటిగా చెప్పింది. "నాకు మూడు సంబంధాలు వచ్చి వెనక్కి పోయినాయి. ఈ పిల్ల బీరు తాగే ఉద్యోగం చేస్తాది అన్న్యారు. ఏదో కంపెనీ అని చెప్పుకుందాంలే అన్నోళ్ళు కూడా ఉండారు. నేనే వద్దన్న్యా. నా పని దాచిపెట్టి నేను ఏ ఇంటికీ పోను. ఇది నీకు ముందే చెప్తాండా."

"నేనేం దాచమన్న్యానా? నాకు నువ్వు కావల్ల, నీ ముక్కుతో సహా," అన్నాడు హరికృష్ణ.

ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. అయితే పెనుకొండలో అన్నంత సులభంగా ధర్మవరంలో అనలేకపోయాడు.

కొడుకు వైన్‌షాపు పెట్టినందుకే నాయన నరసప్ప ఆరు నెలలు మొహం తిప్పుకొని ఉన్నాడు. ఇప్పుడు కోడలు కూడానా అంటాడేమో! పిల్ల ఏం చేస్తుందని అమ్మ అంజనమ్మ అడిగినప్పుడు హరికృష్ణ నోటి నుంచి "జ్యూస్ కంపెనీ" అని వచ్చేసింది. తరువాత సర్దుకోవచ్చులే అనుకున్నాడు.

చీరలు చూసే నెపంతో అశ్విని ధర్మవరం వచ్చిన రోజు, అంజనమ్మ మజ్జిగ ఇచ్చి ప్రేమగా పక్కన కూర్చుంది. "ఏం జ్యూస్ చేస్తావు పాపా? మామిడిపండుదా, దానిమ్మదా?"

అశ్విని గ్లాసు కింద పెట్టింది. హరికృష్ణ వైపు చూసింది. అతను మగ్గం వైపు చూశాడు.

"మీ కొడుకు చెప్తాడు ఆంటీ," అని లేచి బయటికి నడిచింది.

సందు మలుపులో అతను ఆమెను అందుకున్నాడు. "అశ్వినీ, నాయన కోపిష్టి. నిదానంగా చెప్దామని..."

"సీసాలను ఎండలో పెట్టినావు, నన్ను చీకట్లో పెట్టినావు. యాడ ఏది పెట్టల్లో నీకు ఇప్పటికీ తెలీదు."

అతను ఒక అడుగు ముందుకేశాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"వచ్చే శనివారం పదకొండు గంటలకు మీ గడప ముందర నిలబడతా. అప్పటికి నువ్వు చెప్పుంటే లోపలికి వస్తా. చెప్పకుంటే నేనే చెప్పి పోతా. మళ్ళ రాను. హిందూపురంలో కూడా దిగను."

ఏడవలేదు, వెనక్కి తిరగలేదు. స్టేషన్ వైపు అదే నడకతో పోయింది.

హరికృష్ణ ఇంట్లోకి పోయి మగ్గం పక్కన నేల మీద కూర్చున్నాడు. "నాయనా, ఆ పిల్ల చేసేది జ్యూస్ కాదు. బీరు."

మగ్గం ఆగింది. "తాగుతాదా?"

"రుచి చూస్తాది. నువ్వు పట్టును వేళ్ళతో నలిపి చూస్తావే, అట్ల."

"వీధిలో తల ఎత్తుకొని తిరిగేది లేదా నేను?"

"నేను అమ్మితే పోని పరువు ఆమె చేస్తే పోతాదా నాయనా? చేసేది అమ్మేదానికంటే కష్టం. నేను చేసుకుంటే ఆ పిల్లనే. అబద్ధం చెప్పింది నేను, తప్పు నాది. కోపం నా మీద చూపించు."

మగ్గం మళ్ళీ మొదలైంది. ఆ వారమంతా ఇంట్లో దాని చప్పుడు తప్ప వేరే మాట లేదు. హరికృష్ణ మాత్రం రోజూ రాత్రి అన్నం ముందు కూర్చొని అదే మాట చెప్పాడు. "ఆ పిల్లనే నాయనా."

శనివారం పదకొండు గంటలకు అశ్విని గడప ముందు నిలబడింది. బ్యాగు భుజాన ఉంది. లోపలికి అడుగు పెట్టలేదు.

"చెప్పినా," అన్నాడు హరికృష్ణ. "నువ్వు పోయిన గడియలోనే చెప్పినా."

అప్పుడు లోపలికి వచ్చింది.

నరసప్ప మగ్గం మీద నుంచి తల తిప్పకుండానే, "నా ఇంట్లో తాగేది లేదు," అన్నాడు.

"తాగొద్దు అంకుల్. వాసన చూడండి చాలు. నా పని ఏందో తెలీకుండా నన్ను వద్దనొద్దు."

"తెలిసి వద్దంటే?"

"తెలిసి వద్దంటే పోతా."

నరసప్ప మగ్గం దిగి చేతులు తుడుచుకొని వచ్చాడు. అశ్విని బ్యాగులోంచి తీసిన రెండు సీసాల్లోంచి రెండు స్టీలు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోసింది. అంజనమ్మ వీధి తలుపు మూయబోతే నరసప్ప వద్దని చెయ్యి ఊపాడు. వాకిట్లోంచి వెలుగు పడాలి, లేకపోతే ఆయన ఏదీ చూడలేడు.

మొదటి గ్లాసు వాసన చూసి కింద పెట్టాడు. రెండోది చూసి నొసలు ముడిచాడు. మళ్ళీ చూశాడు.

"ఇది ఎండ తిన్న్యాది."

"ఎట్ల తెలిసింది అంకుల్?"

"రంగు అద్దిన పట్టును ఎండలో ఆరేస్తే ఇట్లనే జీవం పోతాది. ముట్టుకుంటే తెలుస్తాది, వాసనకు తెలుస్తాది. ఎవురు దీన్ని ఎండలో పెట్టింది?"

అశ్విని హరికృష్ణ వైపు చూసింది. అది తన షాపు అద్దాల అరలోంచి పోయిన సీసా అని గుర్తుపట్టి అతను తల వంచుకున్నాడు.

"నువ్వేనా రా! నలభై ఏండ్లుగా ఈ ఇంట్లో పట్టు నీడలో ఆరతాండాది, కనపళ్ళేదా? చూసేకి ఎండ, ఆరేకి నీడ. చూసేది ఒకటే నేర్చుకున్యావు, దాచేది నేర్చుకోలేదు!" అని అశ్విని వైపు తిరిగాడు. "వీనికి ఈ సంగతి నువ్వు చెప్పాల్సి వచ్చిందా పాపా?"

"క్యూలో అందరి ముందరా చెప్పినా."

నరసప్ప మీసం కింద ఏదో కదిలింది. కొంచెంసేపు ఆ గ్లాసునూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "అంజనా, పోయిన నెల మగ్గం మీంచి దించిన ఆ నేరేడు రంగు చీర తీసుకురా."

చీర వచ్చింది. నరసప్ప దాన్ని తీసుకొని గడప దాటి వీధిలోకి నడిచాడు. "ఏం చూస్తాండావు పాపా, రా. లోపల చూస్తే రంగు తెలీదు."

అశ్విని బయటికి వచ్చింది. పట్టపగటి ఎండలో ఆయన చీర మడత విప్పి ఆమె భుజం మీద వేశాడు. ఎదురింటి నరసక్క చేటను పక్కన పెట్టి లేచి వచ్చింది. ఆ వెనకే మరో నాలుగు గుమ్మాల్లో తలలు కనిపించాయి.

"ఎవురప్పా నరసప్పా ఈ పాప? చక్కగుండాది. ఏం పని చేస్తాది?"

అంజనమ్మ గబగబా ముందుకొచ్చింది. "జ్యూస్..."

నరసప్ప చెయ్యి ఎత్తి ఆపాడు. సందు చివరిదాకా వినబడేటట్టు చెప్పాడు. "బీరు చేస్తాది. మా కోడలు."

నరసక్క నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. "ఆ... మంచి పనేనా అప్పా?"

"నేను కనుక్కోలేని పోగు లేదీ వీధిలో. ఈ పాప ముక్కు నా కన్నుకు తీసిపోదు. ఇంగ అడిగేదేమన్నా ఉంటే నన్ను అడుగు."

హరికృష్ణ గడప మీదే నిలబడిపోయాడు. అశ్విని కొంగు అంచును రెండు చేతులతో పట్టుకొని, ముక్కు దగ్గర పెట్టుకొని, కళ్ళు మూసుకుంది. వీధి వీధంతా చూస్తోంది.

"మామా," అంది కళ్ళు తెరిచి. "ఇది నీడలోనే ఆరింది."