మా షాపు

ఆ ఉదయం ఆకాశం వెలిసిపోయిన అస్తరు గుడ్డలా ఉంది. వానా లేదు, ఎండా లేదు. రోడ్డు మీద బస్సులు దీపాలు వేసుకునే తిరుగుతున్నాయి.

సెలవు రోజు కాబట్టి దర్జీ కిటికీ పక్కన పీట వేసుకుని ఎవరిదో కోటు చేతులు పొట్టి చేస్తున్నాడు. వంటింటి బల్లకు మూడు కుర్చీలు. రెండింటిలో భార్య, కూతురు కూర్చుంటారు. మూడోదాని మీద అతని పెట్టె ఉంటుంది. దాని నిండా గుండీలు, జిప్పులు, దారపు రీళ్లు. ఇక్కడ తను పనిచేసే కొట్టులో మిగిలినవన్నీ అన్నయ్య షాపు కోసం పోగేశాడు. ఎప్పటికైనా సముద్రం దాటి వెనక్కి వెళ్లి, నాన్న పెట్టిన ఆ షాపులో, అన్నయ్య పక్కనున్న రెండో మిషను మీద కూర్చోవాలని అతని ఆశ. ఇక్కడున్నది నాలుగు రోజులే అన్నట్టు, అన్నం కూడా ఆ పీట మీదే, కంచం ఒళ్లో పెట్టుకుని తినేవాడు.

ఫోను మోగింది. కూతురు పరిగెత్తుకొచ్చి అందుకుంది. ఇక్కడే పుట్టిన పిల్ల. ఇంట్లో పిచ్చుక అంటారు.

"పెదనాన్నా! రేపు మనం స్కూల్లో ఆటల పోటీకి వెళ్తున్నాం."

"నన్నూ తీసుకెళ్తావేంటే? ఈ మోకాళ్లతో పరిగెత్తమంటావా?" అవతల పెదనాన్న పెద్దగా నవ్వాడు.

దర్జీ పంటితో దారం తెంపి, "మేం అనాలే," అన్నాడు. "మనం అంటే వినేవాళ్లు కూడా అందులో ఉన్నట్టు. మేం అంటే వాళ్లు లేనట్టు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"స్కూలు భాషలో రెండిటికీ ఒకటే మాట నాన్నా. నాకెలా గుర్తుంటుంది?"

అతను ఫోను తీసుకున్నాడు.

"ఏరా చిన్నోడా, మీ దగ్గర చలా?"

"పర్లేదన్నయ్యా. పిల్ల పరీక్షలవగానే వచ్చేస్తున్నా. ఇంక అక్కడే ఉండిపోతా. రెండో మిషనుకి కాస్త నూనె పట్టించు."

అవతల షట్టరు ఎత్తిన చప్పుడు వినిపించింది.

"ఆ మిషను తీసేశాం రా. రెడీమేడ్ బట్టలు కూడా పెట్టాం, నిలువుటద్దానికి చోటు చాల్లేదు. ఇప్పుడు మా షాపు చూస్తే నువ్వు గుర్తుపట్టలేవనుకో!" ఆ గొంతులో దాపరికం లేదు, సంబరమే. "చుట్టపుచూపుగా వచ్చి పది రోజులుండి వెళ్లు."

"అలాగే అన్నయ్యా."

ఫోను పెట్టేసి మళ్లీ సూది పట్టుకున్నాడు. కాసేపయ్యాక చూసుకుంటే పై పొరతో పాటు కింది పొరనూ కలిపి కుట్టేశాడు. కోటు చెయ్యి మూసుకుపోయింది.

భార్య వంటింట్లోంచి వచ్చి అది చూసింది. "ఏమైందండీ? మీ చేతిలో ఇలాంటి తప్పు జరగదే."

"మా షాపు అన్నాడు."

"ఎవరు?"

"అన్నయ్య. నాతో మా షాపు అన్నాడు. మిషను తీసేశార్ట, అది పోనీ. నాన్న పోయినప్పుడు కూడా, మన షాపు మూతపడదురా అన్నాడు. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్లూ బతుకుతున్నా."

ఆమె చేతులు తుడుచుకుంటూ గోడకు ఆనుకుంది.

"ఒక్కసారికే మీకిలా ఉందా?"

"అంటే?"

"మా ఊళ్లో ఇలా కాదు, మా షాపులో అలా కాదు, మావాళ్లయితేనా... రోజూ మీరు మాతో అనే మాటేగా అది! కాపురానికొచ్చిన కొత్తలో ఆ షాపులో గుండీలు కుట్టింది నేను. అయినా నాతో కూడా మీరు మా షాపనే అంటారు. పిల్ల పుట్టిన ఈ ఊరేమో మీకు వీళ్ల ఊరు. మరి పిల్లా నేనూ ఎక్కడివాళ్లం?"

"అలవాటుగా అన్నానే."

"మీ అన్నయ్యా అలవాటుగానే అన్నారు."

అతను ఏడుపొస్తుందేమో అనుకున్నాడు, రాలేదు. తిమ్మిరెక్కిన కాలు మనది కానట్టు ఉంటుందే, ఒళ్లంతా అలా ఉంది.

పిచ్చుక గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నాన్నా, ఒకటడగనా? పరీక్షలవగానే వచ్చేస్తున్నా అన్నావుగా పెదనాన్నతో. ఉండిపోతా అన్నావు. అందులో మేం ఉన్నామా?"

మేం అన్న మాటను పిల్ల సరిగ్గా వాడటం అదే మొదటిసారి. దిద్దడానికి ఏమీ లేదు.

అతను తల వంచుకుని, మూసుకుపోయిన చెయ్యి మీద కుట్లు బ్లేడుతో ఒక్కొక్కటే విప్పాడు. గుడ్డ చిరగలేదు గానీ, సూది దిగిన చోట్ల చుక్కలు మిగిలాయి.

అన్నం వేళకు భార్య ఎప్పటిలాగే అతని కంచం తెచ్చి పీట దగ్గర పెట్టబోయింది. అతను లేచాడు. మూడో కుర్చీ మీది పెట్టె రెండు చేతులా ఎత్తి గదిలోకి తీసుకెళ్లి, మంచం కిందికి తోశాడు. తిరిగొచ్చి చూస్తే, పెట్టె ఉన్నంత మేరా కుర్చీ రంగు ఇంకా కొత్తగానే ఉంది. దాని మీద కూర్చున్నాడు.

ఆమె కంచం బల్ల మీద పెట్టింది. పిచ్చుక తన గ్లాసు కొంచెం పక్కకు జరిపింది. బయట ఆకాశం పొద్దుటిలాగే ఉంది. ముగ్గురూ బల్ల దగ్గర అన్నం తిన్నారు.