రెండో ఎర

హాల్బీ సంతలో చేపల బండి దగ్గర నిలబడి సార్జెంట్ క్లెమెంట్ రడ్జ్ వేడి వేడి చేపముక్క తింటున్నాడు. చుట్టిన న్యూస్‌పేపర్ చేత్తో పట్టుకుని ఒక పెద్దమనిషి అతని పక్కనుంచి నడిచి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ పేపర్ కొనను రడ్జ్ ముఖం వైపు తిప్పాడు. గాజు చిట్లినట్టు చిన్న చప్పుడైంది. పెద్దమనిషి ఆగలేదు. రడ్జ్ చేతిలో పొట్లం అలాగే పట్టుకుని మోకాళ్ల మీద కూలబడ్డాడు.

గుండెపోటు అన్నాడు డాక్టరు. రడ్జ్‌కి ముప్ఫై కూడా నిండలేదు.

రడ్జ్ బ్రిటిష్ వైమానిక దళ పోలీసు. అతని శవపేటికను మోసినవాళ్లలో ఫ్లైట్ సార్జెంట్ విల్‌ఫ్రెడ్ గార్బట్ ఉన్నాడు. రడ్జ్‌కి పని నేర్పింది అతనే, గూఢచారుల్ని పట్టే రహస్య విభాగానికి సిఫారసు చేసిందీ అతనే.

శ్మశానం నుంచి తిరిగి రాగానే ఆ విభాగాన్ని నడిపే స్క్వాడ్రన్ లీడర్ లయనెల్ హేవర్‌స్టాక్ గార్బట్‌ని తన గదికి పిలిచి తలుపు వేశాడు. అది గుండెపోటు కాదని చెప్పాడు. న్యూస్‌పేపర్ లోపల ఒక గొట్టం, గొట్టంలో విషం నింపిన గాజుబుడ్డి. ఆ ఆవిరి పీలిస్తే గుండె ఆగిపోతుంది, తర్వాత ఆనవాలు కూడా దొరకదు. తూర్పు కూటమి గూఢచారులు హాల్బీ పక్కనే ఉన్న స్కార్థోల్మ్ వైమానిక స్థావరం మీద కన్నేశారు. వాళ్లకు కావలసింది ఒక చిన్న పెట్టె. కింద నుంచి రాడార్ ‘ఎవరు నువ్వు’ అని అడిగితే విమానం తరఫున ‘మీవాణ్ణే’ అని బదులిచ్చే పెట్టె అది. దాని గుట్టు తెలిస్తే, శత్రువుల బాంబర్లు లండన్ మీదకి చుట్టాల్లా వచ్చేయొచ్చు.

“తాగుబోతుతనానికి హోదా ఊడిన పోలీసుగా వెళ్తావు. గార్డ్‌రూమ్‌లో జైలు గదులు కడిగే పని ఇస్తాం,” అన్నాడు హేవర్‌స్టాక్. “హాల్బీలో కొరీన్ డెలవీన్ అని ఒకావిడ డాన్సు స్కూలు నడుపుతోంది. ఒంటరిగా ఉన్న మన కుర్రాళ్లంతా అక్కడే చేరతారు. వల అక్కడే ఉంది. నీ మారుపేరు లంగరు. నీకూ నాకూ తప్ప మూడో చెవికి తెలియదు.”

“రడ్జ్ మారుపేరు ఎవరికి తెలుసు సార్?”

“నాకు, వాడికి. నోరు జారి ఉంటాడు పాపం.”

రడ్జ్ నోరు జారే మనిషి కాడు. ఆ సంగతి గార్బట్‌కి బాగా తెలుసు.

గార్బట్ ఈ ఉద్యోగంలో చేరింది యుద్ధకాలంలో. అప్పట్లో పోలీసంటే గేటు దగ్గర నిలబడి కోటు బొత్తాలు పెట్టుకోని సైనికుల్ని పట్టుకోవడం, శనివారం తాగి పడ్డవాళ్లను మోసుకొచ్చి గదిలో వేయడం. తెల్ల టోపీలు చూసి జనం ‘మంచుపూలు’ అని వెక్కిరించేవాళ్లు. తర్వాత కంచెల వెంట కుక్కలొచ్చాయి. అణుబాంబులు వచ్చాక వాటికి కాపలా, దాంతోపాటు గూఢచారుల వేట కూడా వచ్చిపడ్డాయి. పని పెరిగింది గానీ ప్రేమ పెరగలేదు. భోజనశాలలో ఇప్పటికీ పోలీసు కూర్చున్న బల్ల దగ్గర రెండో మనిషి కూర్చోడు. అందుకే పోలీసుకి పోలీసే దిక్కు. ఆ ఒక్క నమ్మకం మీదే గార్బట్ ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాడు.

గడ్డం మాసింది, చొక్కా చేతి మీది హోదా చారలు ఊడాయి, ఒంటి నుంచి చవక విస్కీ వాసన కొట్టింది. వేసవంతా డాన్సు స్కూల్లో అతను అందరి కాళ్లూ తొక్కాడు. తన హోదా తీసేసిన పైవాళ్లను వినేవాళ్లందరి దగ్గరా తిట్టాడు. కొరీన్ నవ్వుతూ వినేది. ఆవిడ నవ్వితే మగవాళ్లు లెక్క తప్పి అడుగు వేసేవాళ్లు.

సెప్టెంబర్లో ఒక మధ్యాహ్నం, మిగతావాళ్లు టీకి వెళ్లాక, ఆవిడ గ్రామఫోన్ పెట్టి అతని భుజం మీద చెయ్యి వేసింది. వాల్ట్జ్ అనే జంట డాన్సు సగంలో చెవి దగ్గర మెల్లగా అంది:

“లంగరూ, ఇవాళ అడుగులు బాగానే పడుతున్నాయే.”

గార్బట్ కాళ్లు ఆగిపోయాయి.

“ఆగకు. కిటికీలోంచి చూసేవాళ్లుంటారు,” అంది ఆవిడ. “నీ పేరు నేను కనిపెట్టలేదు. మీ హేవర్‌స్టాక్ ఇచ్చాడు. నేను మీ పక్షానికి మారిపోయానని ఆయన నమ్మకం. అవతలివాళ్లు నన్ను అనుమానించకుండా అప్పుడప్పుడూ నా చేతికి ఒక నిజమైన పేరు ఇస్తుంటాడు. మొదటిసారి ఇచ్చిన పేరు రడ్జ్.”

రికార్డు తిరుగుతూనే ఉంది. అతనికి పాట వినిపించడం మానేసింది.

“నాకెందుకు చెబుతున్నావ్?”

“పులికోసం కట్టిన మేకకి తాడు ఎవరు కట్టారో తెలియాలిగా. అలాంటి దొరకి ఇంకా ఊడిగం చేస్తావా? మా దగ్గరికి వచ్చెయ్. మీ స్థావరంలో విమానాల ప్రదర్శన రోజున గార్డ్‌రూమ్‌లో చివరి జైలు గది తెరిచి పెట్టు, చాలు.”

అతను తలూపాడు. ఆ క్షణంలో అది నటనో నిజమో అతనికే తెలియలేదు.

మర్నాడు అతను హేవర్‌స్టాక్‌ని నిలదీశాడు. ఆయన బుకాయించలేదు. కుర్చీలో వెనక్కి వాలి, రడ్జ్ చావు కూడా యుద్ధంలో చావులాంటిదేనన్నాడు. కొరీన్ తమ మనిషేనని, ప్రదర్శన రోజున ఆవిడ విమానాలు నిలిపే మూడో హ్యాంగర్లో ఎరగా పెట్టిన నకిలీ దొంగపెట్టెను ఎత్తుకెళ్తుందని, దాని వెనకే వెళ్తే ముఠా మొత్తం దొరుకుతుందని చెప్పాడు.

“మరి నేను సార్?”

“నిన్ను చివరి నిమిషంలో తప్పించేవాళ్లం.”

“రడ్జ్‌కి కూడా అలాగే అనుకున్నారా?”

హేవర్‌స్టాక్ పైపు వెలిగించుకున్నాడు. కంచే చేను మేస్తే ఎవరితో మొరపెట్టుకోవాలి? ఇరవై ఏళ్లలో మొదటిసారి గార్బట్ సెల్యూట్ కొట్టకుండా బయటికి వచ్చేశాడు.

కొరీన్ అడిగింది హ్యాంగర్ కాదు, గార్డ్‌రూమ్. అసలు పెట్టెను దాచింది అక్కడే, చివరి జైలు గదిలో, ఇనప్పెట్టెలో. ఆ సంగతి కూడా ఆవిడకి చెప్పగలిగిన మనిషి ఒక్కడే. ఆవిడ ఏ పక్షానికీ మారలేదు. ఇదంతా గార్బట్‌కి అర్థమైంది. కానీ పైకి చెప్పలేదు. చెబితే సాయంత్రానికల్లా హేవర్‌స్టాక్ ఆవిడతో వాల్ట్జ్ చేస్తూ అది చెవిన వేస్తాడు.

ప్రదర్శన రోజున జనం తిరునాళ్లలా వచ్చారు. బ్యాండు, టీ డేరాలు, నేలకు దగ్గరగా దూసుకెళ్లే బాంబర్లు. మైదానం మధ్యలో పోలీసు కుక్కలు మంటల చక్రాల్లోంచి దూకుతుంటే కాపలావాళ్లు కూడా అటే చూస్తున్నారు. నీలం గౌనులో కొరీన్ గ్రామఫోన్ పెట్టెతో గార్డ్‌రూమ్‌కి వచ్చింది. గార్బట్ చివరి గది తెరిచాడు. ఆవిడ ఇనప్పెట్టె తాళం తీసిన తీరు చూస్తే తాళంచెవి అచ్చు కూడా ఎవరి జేబులోంచి తీసుకుందో తెలిసిపోయింది. అసలు పెట్టె గ్రామఫోన్ కడుపులోకి వెళ్లింది.

“ఇక్కడే కూర్చో. మా మనిషి వచ్చి నిన్ను తీసుకెళ్తాడు,” అని ఆవిడ వెళ్లిపోయింది.

కాసేపటికి పెద్దమనిషి వచ్చాడు. చేతిలో చుట్టిన పేపర్. చివరి గదిలో మంచం మీద, గోడవైపు తిరిగి దుప్పటి కప్పుకుని తాగుబోతు నిద్రపోతున్నాడు. పెద్దమనిషి వంగి, తల ఉండవలసిన చోటికి పేపర్ గురిపెట్టాడు. గాజు చిట్లింది. దుప్పటి కింద దిండ్లు తప్ప ఏమీ లేవని అతనికి తెలిసేలోపు గార్బట్ బయటనుంచి తలుపు మూసి గడియ వేశాడు. జైలు తలుపుకి లోపల పిడి ఉండదు.

లోపలినుంచి దబదబా బాదుడు మొదలైంది. గార్బట్ చెయ్యి గడియ మీదే ఉంది. అతను ఒక్క క్షణం రడ్జ్ మోకాళ్ల మీద కూలిన చోటు తలుచుకున్నాడు. తర్వాత విషపు ఆవిరి బయటికి పోయేలా పైకప్పు గవాక్షం తాడు లాగి, గేటు వైపు పరుగెత్తాడు.

క్రీమ్ రంగు కారు గేటు దగ్గర ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంది. దాని ముందు గేటు కాపలా పోలీసు కార్పొరల్ ఈనిడ్ ట్రాంటర్ అడ్డంగా నిలుచుంది. పెట్టె పట్టే సామాను కొరీన్ దగ్గర గ్రామఫోన్ ఒక్కటేనని ఊహించి, పొద్దున గార్బట్ ట్రాంటర్‌తో ఒకే మాట అన్నాడు: పాట పాడని గ్రామఫోన్ గేటు దాటకూడదని.

“ఈ కారు ఆపొద్దని మీ స్క్వాడ్రన్ లీడర్ ఫోన్ చేశాడు కదా,” అంటోంది కొరీన్.

“చేశారండీ. కానీ నేను కాపలా కాసేది గేటుకి, ఆయనకి కాదు. ఒక్క పాట పెట్టండి, వెళ్లిపోదురు గాని.”

కొరీన్ నవ్వింది. ట్రాంటర్ నవ్వలేదు, తనే మూత తీసి సూది పెట్టింది. చక్రం తిరగలేదు. మోటారు ఉండవలసిన చోట వేరే పెట్టె ఉంటే ఎలా తిరుగుతుంది?

కొరీన్ కారును ముందుకు దూకించింది. అప్పటికే గార్బట్ గేటు దూలం పడేశాడు. అద్దం పగిలి కారు ఆగిపోయింది.

హేవర్‌స్టాక్ ఆయాసపడుతూ వచ్చాడు. “వదిలెయ్యి గార్బట్. అంతా పాడుచేస్తున్నావ్. అది దొంగపెట్టె.”

“దొంగపెట్టె హ్యాంగర్లోనే ఉంది సార్. దాన్నెవరూ ముట్టుకోలేదు. ఇది మన గార్డ్‌రూమ్‌లోది.”

హేవర్‌స్టాక్ గ్రామఫోన్ లోపలికి చూశాడు. తర్వాత కొరీన్ వైపు చూశాడు. ఆవిడ గౌను మీది గాజుపెంకులు దులుపుకుంటోంది.

“మీరు డాన్సు చాలా బాగా చేస్తారు లయనెల్,” అంది ఆవిడ మర్యాదగా. “మాట్లాడకుండా మాత్రం చెయ్యలేరు.”

పెట్టె దక్కింది. జైలు గదిలో మనిషి ప్రాణాలతో దొరికి, మిగతా ముఠా పేర్లన్నీ చెప్పేశాడు. పైవాళ్లు ఈ వ్యవహారాన్ని ఘనవిజయం అన్నారు. విజయానికి ఒక అధికారి కావాలి గనక హేవర్‌స్టాక్‌ని హోదా పెంచి లండన్ పంపారు. రడ్జ్ చావును గుండెపోటుగానే ఉంచారు. నిజం చెప్పమని గార్బట్ మూడుసార్లు అడిగాడు. మూడోసారి, ఇంక అడగవద్దని ఆజ్ఞ వచ్చింది. రడ్జ్ తల్లి ఇప్పటికీ కొడుక్కి చిన్నప్పుడు వచ్చిన జ్వరాన్నే నిందించుకుంటోంది.

చలికాలంలో పోలీసు శిక్షణ పాఠశాల అధిపతి గార్బట్‌ని పిలిపించాడు. కొత్త విభాగం పెరుగుతోందని, కుర్రాళ్లకి పాఠం చెప్పమని అడిగాడు. విషయం: మనవాళ్లలో ఎవరిని నమ్మాలి. దానికి ఒక గంట కేటాయించామన్నాడు.

“గంట ఎందుకు సార్?” అన్నాడు గార్బట్. “హాజరు పిలిచేలోపే అయిపోతుంది.”