ఒంటికాలి వాపు

“ఏమే, నాలుగు మెట్లకే కూలబడ్డావా! నీ వయసులో నేను బస్తాలు మోశా!”

ముప్పాళ్ళలోని ఆ ఇంట్లో, కోడలికి కాన్పయినప్పటి నుంచి రెండేళ్ళుగా వినిపించే మాట అది. అత్తగారు పార్వతమ్మ నోరు అలాంటిది. కోడలు లిఖిత ఎదురు చెప్పేది కాదు... చెప్పడానికి ఊపిరి మిగిలితే కదా! పోయిన నెల డాబా మెట్ల మీద స్పృహ తప్పి పడిపోయాక గానీ అది బద్ధకం కాదని ఎవరికీ తెలియలేదు. ఊపిరితిత్తుల నాళాల్లో పాత రక్తపు గడ్డలు బిగుసుకుపోయి, గుండె మీద భారం పడిందట!

ఇప్పుడు హైదరాబాదులో డాక్టర్ హుమేరా ఎదుట అత్తాకోడళ్ళు, లిఖిత భర్త ఆనంద్ కూర్చున్నారు. ఆపరేషన్‌కు వీలవుతుందో లేదో ఈ రోజే తేలాలి.

“గడ్డలు పెద్ద నాళాల్లో ఉంటే తీయగలం. సన్నటి కొసల్లో ఉంటే కత్తి అందదు. స్కాన్ చూస్తే అనుమానంగానే ఉంది. కాలి నుంచి వచ్చిన గడ్డలైతే ఆశ ఎక్కువ. కాన్పయ్యాక కాలేమైనా వాచిందా?”

లిఖిత అత్తగారి వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. “లేదండీ...”

“మా అమ్మ కాలు కింద పెట్టనీయకుండా చూసుకుందండీ!” అన్నాడు ఆనంద్ గర్వంగా.

డాక్టర్ నిట్టూర్చింది. పార్వతమ్మకు సంగతి అర్థమైంది. తన మీద మాట రాకూడదని ఈ పిచ్చిపిల్ల ప్రాణం మీదికి తెచ్చుకుంటోంది!

“ఆగమ్మా! అది అబద్ధం చెప్తంది. ఎడమ కాలు... ఒంటికాలే వాచింది, అరటి బోదెలాగా! ఒక్క కాలే ఏందని మా వియ్యపురాలు అడిగితే, బాలింత నీరులే అని నోరు మూయించా. మంచినీళ్ళు తాగితే వాపు పెరుగుద్దని గుక్కెడే ఇచ్చా. ఇరవై రోజులు మంచం దిగనీలా. నొప్పని ఏడిస్తే నాటకమన్నా... నేనేనమ్మా!”

ఆనంద్ బిత్తరపోయాడు. లిఖిత కళ్ళ నుంచి నీళ్ళు జలజలా రాలాయి. డాక్టర్ మాత్రం ఒక్క నిష్ఠూరమూ ఆడలేదు. ఆ మాటలన్నీ ఫైలులో రాసుకుని, మిగతా డాక్టర్లతో కూర్చోవడానికి వెళ్ళింది.

సాయంత్రం కబురు చెప్పింది. “చేస్తాం. ప్రమాదం లేదని అనను. కానీ వీలవుతుంది. మీరు చెప్పిన కాలి సంగతి మాకు చాలా పనికొచ్చిందమ్మా.”

బయటకు వస్తుంటే పదడుగులకే లిఖితకు ఊపిరాడలేదు. అలవాటు కొద్దీ బెదురుగా అత్తగారి వంక చూసింది. అప్పటికే పార్వతమ్మ వసారాలోని బల్ల మీద కూర్చుని, పక్కన చోటు చూపిస్తోంది.

“రా తల్లీ... నాకు ఆయాసంగా ఉంది. కాసేపు కూర్చుని పోదాం.”