మక్లోవియో చేసే పొరల డిప్

ఆ ఆదివారం యూలాలియాకు చేతినిండా పనులున్నాయి. పొద్దున్నే చర్చికి వెళ్ళాలి. అటునుంచి అటే శ్మశానానికి పోయి భర్త మక్లోవియో సమాధి మీద వాడిన బంతిపూలు తీసేయాలి. ఇంటికొచ్చి చిక్కుడు గింజలు ఉడికించాలి, వరండా ఊడ్వాలి. సాయంత్రం టీవీ పెట్టకుండా ఒక్కతే కూర్చోవాలి. ఆయన స్నేహితులతో కూర్చుని మ్యాచ్‌లు చూసే ఫుట్‌బాల్ రోజులు మొదలయ్యాయి కాబట్టి అన్నిటికన్నా కష్టమైన పని అదే.

తీరా ఆమె వచ్చేసరికి కొడుకు బెటో, కోడలు యెసేనియా వంటింట్లో ఉన్నారు. బల్ల నిండా డబ్బాలు, చిప్స్ సంచులు. మక్లోవియో వాడే గాజు పళ్ళెంలో, చిప్స్ ముంచుకు తినడానికి, చిక్కుళ్ళ ముద్ద పరిచి, దానిమీద పుల్ల మీగడ వేసి, అన్నిటికీ పైన అవకాడో గుజ్జు పులుముతున్నాడు బెటో.

"ఏమిట్రా ఇది?"

"డిప్ అమ్మా. నికనోర్ మామనీ, నాన్నతో పనిచేసిన వాళ్ళనీ మ్యాచ్‌కి పిలిచాను."

యూలాలియా చేతిసంచీని కుర్చీలోకి విసిరేసింది. "మీ నాన్న పోయి ఏడాది తిరగలేదు! తలుపుకి నల్ల రిబ్బను వేలాడుతోంది. దాని కిందనుంచి వచ్చి చిప్స్ నములుతూ కేకలు పెడతారా?"

"గోల చెయ్యం అత్తయ్యా, ఊరికే కూర్చుని..."

"నువ్వుండమ్మా! ఎండలో ఇళ్ళ కప్పులు వేసి వేసి, ఒళ్ళంతా తారు వాసనతో వచ్చేవాడు ఆ మనిషి. ఆయనకి చేతనైన వంట ఇదొక్కటే. వారం వారం వాళ్ళ కోసం చేసేవాడు. ఆయన్ని మట్టిలో పెట్టాక ఒక్కడు ఈ గడప తొక్కాడా? ఉన్నావా, పోయావా అని అడిగాడా? తిండి ఉన్నన్నాళ్ళే స్నేహం! వాళ్ళకి మళ్ళీ పళ్ళెం నింపుతున్నావా, సిగ్గు లేదూ?"

బెటో గరిటె కింద పెట్టాడు. "వచ్చారమ్మా. నికనోర్ మామ ఎన్నో ఆదివారాలు వాకిలిదాకా వచ్చాడు. రిబ్బను చూసి వెనక్కి పోయాడు."

"రిబ్బను చూసి పోవడమేమిటి?"

"తొమ్మిది రోజుల ప్రార్థనలు కాగానే ఎవరైనా తీసేస్తారు. నువ్వు తియ్యలేదు. నీకు వాళ్ళ మొహాలు చూడటం ఇష్టం లేదనుకున్నారు. మొన్న పెట్రోలు బంకు దగ్గర మామ నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. 'మేం ఎక్కమన్న కప్పు మీదనుంచే వాడు పడ్డాడని మీ అమ్మ మమ్మల్ని క్షమించలేదురా' అన్నాడు."

యూలాలియా తలుపుకేసి తిరిగింది. ఆ రిబ్బను కావాలనే ఉంచింది. మక్లోవియోని మర్చిపోయిన వాళ్ళు అటుగా పోతూ చూసి సిగ్గుపడాలని ఉంచింది. వాళ్ళను తలుపు అవతలే నిలబెట్టింది తన కోపమేనన్నమాట.

పళ్ళెంకేసి చూసింది. ఉన్నట్టుండి మళ్ళీ మండిపడింది. "అవకాడో పైన వేస్తారట్రా ఎవరైనా? వాళ్ళొచ్చేలోపు నల్లబడి బురదలా ఉంటుంది! ఈ చిక్కుళ్ళు చూడు, చిప్ పెడితే విరిగి అందులోనే ఉండిపోతుంది. మీ నాన్న చేస్తుంటే ఎప్పుడూ చూడలేదా?"

"తినడమే చూశానమ్మా."

యెసేనియాకు నవ్వాగలేదు. యూలాలియాకూ నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. చీరలు, కొంగులు లేని లారెడోలో కోడలి భుజమే ఆమె కన్నీళ్ళు తుడిచింది.

తర్వాత అంతా తీసేసి మొదటినుంచి చేసింది. చిక్కుళ్ళను వెచ్చజేసి, ఊరగాయ మిరపకాయల రసం పోసి పలచన చేసింది. అవకాడో మీద పుల్ల మీగడను అంచులదాకా పరిచింది, గాలి తగలకుండా. ఆపైన చీజ్, టమాటా, ఉల్లికాడలు. చేతులు కడుక్కుని, వాకిట్లోకి వెళ్ళి తనే రిబ్బను విప్పింది.

మ్యాచ్ వేళకి వచ్చిన నికనోర్ టోపీ చేత్తో పట్టుకుని మెట్ల కిందే ఆగిపోయాడు. "కొమాద్రే..."

బెటో బాప్తిస్మానికి జ్ఞానపితగా నిలబడింది ఆయనే, ఆ వరసతోనే పిల్లాడి తల్లిని అలా పిలుస్తాడు. ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో ఆమెకి.

"ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావయ్యా? తలుపు కొట్టడానికి చేతుల్లేవా?"

"ఉన్నాయి. ధైర్యమే లేదు."

"ఆయన జారిపడ్డాడు. నువ్వు తొయ్యలేదు. లోపలికి రా."

నికనోర్ చిప్‌ను అడుగుదాకా ముంచి నోట్లో పెట్టుకున్నాడు. అచ్చం మక్లోవియో చేతి రుచే, నమలడం ఆపేశాడు. టీవీలో జనం అరుస్తున్నారు. యూలాలియా ఆయన పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది.

మీ ఇంట్లో ఎప్పుడైనా స్నేహితులు చేరి, ఒకే పళ్ళెం చుట్టూ చేతులు కలిస్తే, లారెడోలో ఊరందరి ఇళ్ళకీ కప్పులు వేసి, ఆదివారాలు స్నేహితులకు తినిపించిన మక్లోవియో కాంటూను ఒక్కసారి తలుచుకోండి.